వెనక్కి తిరిగి కూర్చున్న ఆడమనిషి

ఈమధ్య ఒక బీమా కంపెనీలో కొత్తగా చేరిన మా బంధువులమ్మాయి నన్నడిగింది, సర్వీసులో నేను పట్టుకున్న అన్నింటికంటే పెద్ద మోసం ఏదని. చాలాసేపు ఆలోచించాను. ఒక్కటీ సరిగా గుర్తు రాలేదు. మోసాలన్నీ ఒకే పోలికలో ఉంటాయి. తగలని దెబ్బకు కట్టు, లేని లారీకి నంబరు, అక్కడ లేని సాక్షికి అపారమైన జ్ఞాపకశక్తి. కొన్నాళ్లకు అన్నీ కలిసిపోతాయి. ఇన్నేళ్ల తర్వాత కూడా నన్ను వదలకుండా ఉన్నది, అందులో చిక్కుకున్నవాళ్లెవరూ ఒక్క అబద్ధమూ ఆడని కేసు. అది చెబితే ఆ పిల్ల నవ్వుతుందేమోనని ఆ రోజు ఊరుకున్నాను. కాగితం నవ్వదు గనుక ఇక్కడ రాస్తున్నాను.

నేను తమిళనాడులోని ధర్మపురిలో ఒక బీమా కంపెనీ బ్రాంచిలో ప్రమాదాల విచారణ చూసేవాణ్ణి. మాది తరాలుగా ఇక్కడ వ్యాపారం చేసుకుంటున్న కుటుంబం. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. మా నాయనమ్మ పట్టుబట్టి అక్షరాలు దిద్దించింది కాబట్టి ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాయగలుగుతున్నాను. మా వైపు పల్లెల్లో తెలుగు మాట్లాడే రైతులు చాలామంది ఉన్నారు. అరవంలో అడిగితే "తెలియదు సార్" అనే మనిషి, తెలుగులో పలకరిస్తే మంచం వాల్చి కూర్చోమంటాడు. మా మేనేజరు ఆ సంగతి కనిపెట్టి అటువైపు కేసులన్నీ నాకే ఇచ్చేవాడు.

పని ఏమిటో ఒక్క మాటలో చెబుతాను. ఒక బస్సు ఎవరినైనా గుద్దితే, దెబ్బ తగిలినవాళ్లు నష్టపరిహారం కోసం కోర్టుకు పోతారు. ఆ బస్సు మా దగ్గర బీమా చేసి ఉంటే ఇవ్వాల్సింది మేము. తప్పంతా డ్రైవరుదేనా, దెబ్బ తిన్నవాడిది కూడా కొంత ఉందా అని చూడటం నా వంతు. వాడిది కొంత ఉందని తేలితే పరిహారంలో అంత కోత పడుతుంది. తప్పును కొబ్బరికాయ పగలగొట్టినట్టు రెండు చిప్పలు చేసి, ఏది ఎవరిదో చెప్పాలి. మనుషుల మధ్య జరిగేది ఎప్పుడూ అంత నున్నగా పగలదు. అయినా జీతం తీసుకున్నన్నాళ్లూ పగలగొడుతూనే ఉన్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో వచ్చింది ఈ కేసు. వెల్లిచందైలో తెలుగు రైతు ఒకాయన, నలభై దాటిన మనిషి, టమాటా తోట ఉన్నవాడు, పొద్దున పూట పాలక్కోడుకు సైకిల్ మీద పోతున్నాడు. వెనక నుంచి వచ్చిన ప్రైవేటు బస్సు గుద్దింది. కుడికాలు మోకాలి కింద తీసేశారు. పోలీసులు డ్రైవరు మీద కేసు రాశారు. తిన్నని రోడ్డు, పట్టపగలు, వెనక నుంచి గుద్దడం. ఇందులో విచారించడానికేముంది, కట్టేసి పోవడమే అనుకున్నాను.

అప్పుడు మా కంపెనీ వకీలు పిలిపించాడు. పెద్దాయన. నస్యం పీల్చుకుంటూ, నవ్వు ఆపుకుంటున్నట్టు మాట్లాడే మనిషి. డ్రైవరు కొత్తగా ఒక మాట చెబుతున్నాడన్నాడు. సైకిల్ కారియర్ మీద ఒక ఆడమనిషి కూర్చుని ఉందట. అంటే డబుల్స్. ఇద్దరి బరువుతో సైకిల్ తూలి రోడ్డు మధ్యకు వచ్చిందని వాదించవచ్చు. తప్పులో సగం అటు తోసేయవచ్చు. కానీ పిటిషన్‌లో రైతు తాను ఒక్కడినే ఉన్నానని రాయించాడు. ఆసుపత్రికి చేరిందీ ఒక్కడే.

"ఆ ఆడమనిషిని పట్టుకు రా, చాలు," అన్నాడు వకీలు. నేను సరేనన్నాను. ఏ చుట్టాలావిడో అయి ఉంటుంది, కోర్టుకు భయపడి దాచిపెట్టారు అనుకున్నాను.

ముందు డ్రైవరు దగ్గరికి పోయాను. అతని ఇల్లు ఏ. పళ్లిపట్టి అనే ఊళ్లో, కొట్ల వరస వెనక. యజమాని పనిలోంచి ఆపేశాడు. గడ్డం పెరిగి ఉంది. అతను చెప్పింది అరవంలో, నేను తెలుగులో రాస్తున్నాను.

మామూలుగా ఆడవాళ్లు సైకిల్ మీద ఒక పక్కకు కాళ్లు వేసి కూర్చుంటారు. ఈమె అట్లా కూర్చోలేదట. తొక్కేవాడి వీపుకు తన వీపు ఆనించి, వెనక్కి తిరిగి కూర్చుందట. అంటే వెనక వస్తున్న బస్సుకు ఎదురుగా. చేతిలో తాడు ఉంది. ఆ తాడు రోడ్డు మీద ఈడ్చుకుంటూ వస్తోంది. చివర ఏమీ కట్టి లేదు.

"ఆమె నన్ను చూస్తూ ఉంది సార్," అన్నాడు. "కోపంగా కాదు. తెలిసినవాళ్లను చూసినట్టు. ఏదో దూడ తప్పించుకుందేమో, బస్సు కింద పడుతుందేమో అని నేను ఆ తాడు చివరికేసి చూశాను. తర్వాత చప్పుడు వచ్చింది."

దిగి చూస్తే ఒక్క మనిషే పడి ఉన్నాడు. ఆమె లేదు, తాడూ లేదు.

చీర ఏ రంగని అడిగాను. సాక్షులను తికమక పెట్టడానికి అడిగే మామూలు ప్రశ్న అది. అతను కళ్లు మూసుకుని గుర్తు చేసుకున్నాడు. రంగు తెలియదన్నాడు. ఆమె నీడలో ఉన్నట్టు కనబడిందట. సైకిల్ తొక్కేవాడి మీద ఎండ పడుతోంది, ఆమె మీద పడటం లేదు. ఆ రోడ్డు పక్కన చెట్లు లేవని నాకు తెలుసు. నేనేమీ అనకముందే అతనే అన్నాడు, అక్కడ చెట్లు లేవు సార్ అని.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు ఒక మాట చెబుతాను. అబద్ధం ఆడేవాడు తనకు లాభించే చోట ఆగిపోతాడు. ఈ మనిషి ఆగలేదు. ఆడమనిషి ఉంది అన్నంతవరకు అతనికి లాభం. ఆమెను చూస్తూ రోడ్డు చూడలేదు అన్నప్పుడు తన మెడకు తానే ఉరి తగిలించుకున్నాడు. అది అతనికి తెలియక కాదు.

తర్వాత పాలక్కోడు వైపు పోయి పోలీసు స్టేషన్లో ఉంచిన సైకిల్‌ను చూశాను. వెనక చక్రం వంకర తిరిగి ఉంది. కారియర్ మీద మాత్రం ఒక చెక్క పలక బిగించి ఉంది, మనిషి కూర్చోవడానికి వీలుగా. ఏళ్ల తరబడి కూర్చుని కూర్చుని పలక నున్నగా, మధ్యలో కొంచెం గుంటపడి ఉంది. నాకు సంతోషం వేసింది. డబుల్స్‌కు ఇంతకంటే రుజువేం కావాలి? అక్కడున్న కానిస్టేబుల్ సైకిల్‌ను గోడ వైపు తిప్పి పెట్టాడు. ఎందుకని అడిగితే, ఊరికే అన్నాడు.

ప్రమాదం జరిగిన చోటికి కొంచెం ముందు ఒక టీ కొట్టు ఉంది. నడిపేది నడివయసు ఆమె. సైకిల్ పోవడం చూశావా అంటే చూశానంది. ఎంతమంది ఉన్నారంటే, ఇద్దరంది తడుముకోకుండా. చప్పుడు విని జనం పరుగెత్తినప్పుడు ఈమె కూడా పోయింది. మగమనిషిని లేపి పక్కన పడుకోబెట్టాక, ఆడమనిషి ఎక్కడ పడిందోనని వెతికారట. రోడ్డు వార కాలవలో దిగి చూశారు. పక్క తోటలో టమాటా సాళ్ల మధ్య చూశారు. బస్సు కింద కూడా వంగి చూశారు. కాలు నుజ్జయిన మనిషిని పక్కన పెట్టుకుని, లేని మనిషి కోసం అంతమంది వెతకడం ఊహించుకున్నాను. ఆమె ఇచ్చిన టీ నేను పూర్తిగా తాగలేదు.

అయితే బస్సులో ముందు సీట్లో కూర్చున్న ఒక పంతులమ్మ మరోలా చెప్పింది. సైకిల్ మీద ఒక్కడే ఉన్నాడంది. తాను బాగా చూసిందట. ఎందుకంటే ఆ మనిషి సైకిల్ తొక్కుతూ తొక్కుతూ మెడ తిప్పి, వెనక కారియర్ కేసి చూశాడు. "అక్కడ ఏమీ లేదు, మరి దేన్ని చూస్తున్నాడా అనుకున్నాను," అంది.

ఇక మిగిలింది రైతే. వెల్లిచందైలో వాళ్ల ఇల్లు కనుక్కుని పోయాను. నేను కంపెనీ తరఫు మనిషినని, ఆయన పరిహారానికి గండికొట్టడానికి వచ్చినవాణ్ణని ముందే చెప్పాను. ఆయన భార్య అది విని కూడా చాప వేసి మజ్జిగ ఇచ్చింది. తెలుగు మాట్లాడే మనిషి, ఏదో ఒక వరసకు మనవాడే అయి ఉంటాడని వాళ్ల లెక్క. ఆయన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. లేని కాలి చోట దుప్పటి చదునుగా ఉంది.

సైకిల్ వెనక ఎవరు కూర్చున్నారని అడిగాను. ఆయన తల వంచుకున్నాడు. భార్యే మాట్లాడింది.

"ఎవురు కూర్చుంటారన్నా? నేనే కూర్చోను దాని మింద. కొన్న కొత్తలో ఒగతూరి ఎక్కినా. పలక మింద కూర్చున్నట్టు లేదు, ఎవురి ఒళ్లోనో కూర్చున్నట్టుండె. ఊరి పొలిమేర దాటకనే దిగి నడిచి వచ్చేసినా."

అది ఆమె నవ్వుతూ చెప్పాలని చూసింది. నవ్వు రాలేదు. పశువులకు నీళ్లు పెట్టాలని లేచి పెరట్లోకి పోయింది.

ఆమె పోయాక ఆయన నోరు విప్పాడు. సైకిల్ పాతది, ఇండూరు అనే పల్లెలో ఒకాయన దగ్గర కొన్నానన్నాడు. పలక అప్పటికే ఉంది, తీసేద్దామనుకుని తీయలేదు. ఎక్కి తొక్కడం మొదలుపెట్టినప్పుడు మామూలుగానే ఉంటుందట. కొంత దూరం పోయాక వెనక బరువు తెలుస్తుందట. చక్రం గాలి చూశాడు, ఇరుసుకు నూనె పోశాడు, ఏమీ తేలలేదు. అలవాటు చేసుకున్నాడు. ప్రమాదం జరిగిన రోజు మాత్రం బరువుతోపాటు వీపుకు ఇంకొక వీపు ఆనినట్టు తెలిసింది. వెచ్చగా ఉందట.

"తిరిగి చూసినా అన్నా," అన్నాడు. "చూసేప్పటికి సైకిల్ అడ్డం పోయింది. బస్సాయన ఏం చేస్తాడు? తప్పు నాది. మా వక్కీలు ఆ మాట నోట్లో నుంచి రానియ్యొద్దన్నాడు. నువ్వు రాసుకో, నాకేం బాధ లేదు."

రాసుకోమని ఆయనే అన్నాడు. నేను పెన్ను తీశాను, ఏం రాయాలో తెలియక మళ్లీ జేబులో పెట్టుకున్నాను.

మరునాడు వకీలుకు అన్నీ చెప్పాను. ఆయన ఈసారి నస్యం డబ్బీ తెరిచి, పీల్చకుండానే మూసేశాడు. "బరువుకు సమను పంపలేం కదయ్యా," అన్నాడు. "ఆ ఇండూరు ఆయన్ను చూసి రా. పలక ఎందుకు కొట్టించాడో, దాని మీద ఎవరు కూర్చునేవాళ్లో కనుక్కో. ఆ మనిషి ఎక్కడుందో తేలితే తక్కినది నేను చూసుకుంటా."

ఇండూరు ధర్మపురికి దగ్గరే. పట్టపగలు పోయాను. సైకిల్ అమ్మినాయన కూడా తెలుగువాడే, సన్నకారు రైతు. సైకిల్ పేరెత్తగానే ముఖం వాడిపోయింది. పలక తన భార్య కోసమే కొట్టించానన్నాడు. వాళ్లకు ఒక పెయ్య ఉండేది. దాన్ని మేపడానికి చేనికి తోలుకుపోయేటప్పుడు ఆయన సైకిల్ తొక్కేవాడు. ఆమె వెనక్కి తిరిగి కూర్చుని పెయ్య తాడు పట్టుకునేది. అట్లా కూర్చుంటేనే పెయ్య కనబడుతుంది. ఊళ్లో అందరూ ఎగతాళి చేసేవాళ్లట. ఒక రోజు పెయ్య దేనికో బెదిరి పక్కకు లాగింది. ఆమె తాడు వదల్లేదు. వెనక్కి పడి వెన్నుపూస దెబ్బతింది. నడుము కింద చచ్చుబడిపోయింది. ఆ సైకిల్ కళ్ల ముందు ఉంటే అన్నం సహించక అమ్మేశాడు.

నేను ఉద్యోగపు బుద్ధితో, పరిహారం కోసం ఎక్కడికైనా పోయారా అని అడిగాను. ఎవరి మీద పోవాలి సార్ అన్నాడు. నిజమే. మోటారు బండి గుద్దితేనే మా కోర్టు. మొగుడి సైకిల్ మీద నుంచి పడితే, పెయ్య లాగితే, చట్టంలో దానికి తలుపు లేదు. ఆమె దెబ్బకు తప్పెవరిదని ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

అప్పుడు ఒక సంగతి తట్టింది. ఆమె బతికే ఉంది.

"చూస్తారా?" అన్నాడాయన. లోపలి గదిలో మంచం మీద పడుకుని ఉంది. సన్నటి మనిషి. పైన దూలానికి ఒక తాడు కట్టి ఉంది. దాన్ని పట్టుకుని లేస్తుందట. నన్ను చూసి తాడు పట్టుకుని కొంచెం లేచి, చాలాకాలంగా తెలిసినవాణ్ణి అడిగినట్టు అడిగింది.

"ఆయప్ప కాలు ఎట్లుండాది సామీ?"

ఎవరి కాలు అన్నాను.

"సైకిల్ కొన్న ఆయప్ప. బస్సు తగిలె కదా."

నేను ఆమె భర్త వైపు చూశాను. అతను నా కంటే ఎక్కువ బిత్తరపోయి ఉన్నాడు. సైకిల్ కొన్న రైతుకు ప్రమాదం జరిగిందని అతనికే తెలియదు. నేను అప్పటికి అది చెప్పలేదు కూడా. సైకిల్ గురించి అడగాలని మాత్రమే అన్నాను.

వార్త ఎవరో చెప్పి ఉంటారని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. పల్లెల్లో మాట గాలి కంటే ముందు పోతుంది. అందుకే ఇంకా ఏం తెలుసని ఆమెను అడిగాను. ఆమె తడుముకోలేదు. పగలంతా పడుకుని ఉంటే పొద్దు పోదట. కళ్లు మూసుకుంటే సైకిల్ మీద ఉంటుందట. ముందు తమ చేని దారే కనబడేదట. సైకిల్ అమ్మేశాక ఆ దారి పోయి, తెలియని ఊళ్లు, టమాటా తోటలు కనబడసాగాయి. తొక్కే మనిషి వీపు వేరేదని తెలిసింది కానీ దిగడం ఎట్లాగో తెలియలేదట.

"ఆ దినం బస్సు వచ్చె. డ్రైవరు చెవి మింద పూవు పెట్టుకోనుండె. చూపు నా మిందనే పెట్టినాడు. రోడ్డు చూడు రా నాయనా అని చెప్తావుండా, ఆయనకు వినపడల్లే. నేను కూర్చోకుండా ఉంటే అట్ల అయ్యుండదు సామీ. తప్పు నాదే."

మిట్టమధ్యాహ్నం. బయట ఎవరో జొన్నలు చెరుగుతున్న చప్పుడు వినబడుతోంది.

ఆఫీసుకు పోయి విచారణ రాశాను. పలక ఎవరి కోసం కొట్టించారో, ఆ మనిషి ప్రమాదానికి చాలా ముందు నుంచే మంచం మీద ఉందని వైద్యుల కాగితాలూ, ఇరుగుపొరుగువాళ్లూ ఎలా చెబుతున్నారో రాసి, సైకిల్ మీద రైతు ఒక్కడే ఉన్నాడని ముగించాను. అందులో ప్రతి మాటా నిజం. వకీలు చదివి, "అయితే డ్రైవరు కట్టుకథ చెప్పాడన్నమాట," అన్నాడు. పువ్వు సంగతి అప్పుడు ఆయనకు చెప్పాను. పోలీసు కాగితాల్లో గానీ, ఎవరి వాంగ్మూలంలో గానీ పువ్వు లేదు. ఆ మాట డ్రైవరును అడిగావా అన్నాడు వకీలు.

మళ్లీ ఏ. పళ్లిపట్టి పోయాను. ఆ రోజు చెవి మీద ఏమైనా పెట్టుకున్నావా అని అడిగాను. డ్రైవరు చెయ్యి దానంతటదే చెవి దగ్గరికి పోయింది. బస్సులో దేవుడి పటానికి వేసిన దండలోంచి ఒక పువ్వు రాలితే, తొక్కకూడదని చెవి మీద పెట్టుకున్నాడట. గుద్దినప్పుడు ఎక్కడో పడిపోయింది. ఈ సంగతి తన భార్యకు కూడా చెప్పలేదన్నాడు. ఎవరు చెప్పారు సార్ అని అడిగాడు. దాచడం నావల్ల కాలేదు. చెప్పాను. తనను అక్కడికి తీసుకుపొమ్మన్నాడు.

అది నా ఉద్యోగంలో భాగం కాదు. అయినా తీసుకుపోయాను. అతను ఆ గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఆమె తల తిప్పి చూసింది. ఆమె చూపు కోపంగా లేదు. తెలిసినవాళ్లను చూసినట్టు ఉంది. అతను రెండు చేతులూ జోడించి, అట్లాగే వెనక్కి నడిచి బయటికి వచ్చేశాడు. ధర్మపురి వచ్చేదాకా బస్సులో అతను కిటికీ పక్కన కూర్చోలేదు.

కోర్టులో అతని సాక్ష్యం రోజు వచ్చింది. మేము పిలిచిన సాక్షి అతను. మా వకీలు జాగ్రత్తపడి ఆడమనిషి ఊసు ఎత్తకుండా, సైకిల్ అడ్డంగా వచ్చిందా అని మాత్రం అడిగాడు. అవునంటే చాలు, పంతులమ్మ మాట కూడా దానికి తోడు వస్తుంది. రైతు చంకకర్ర పక్కన పెట్టుకుని వెనక బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

డ్రైవరు తనకు తెలియదన్నాడు. వకీలు మళ్లీ అడిగాడు.

"సైకిల్ అడ్డం వచ్చిందో లేదో నేను చూడలేదయ్యా," అన్నాడు డ్రైవరు. "నేను రోడ్డు చూడటం లేదు. తప్పు నాది."

జడ్జీగారు కళ్లజోడు తీసి, మరి ఎక్కడ చూస్తున్నావని అడిగారు. డ్రైవరు నోరు తెరిచి నా వైపు ఒకసారి చూశాడు. వేరే చోట అన్నాడు. జడ్జీగారు రాయించుకున్నారు.

అప్పుడే వెనక బెంచీలో కదలిక వినబడింది. రైతు కర్ర పట్టుకుని లేవబోతున్నాడు. "అట్లా కాదండీ, నేను తిరిగి చూసినా," అని తెలుగులో మొదలుపెట్టాడు. ఆయన వకీలు కోటు ఎగరేసుకుంటూ వచ్చి భుజం పట్టి కూర్చోబెట్టాడు. ఏమంటున్నాడని జడ్జీగారు అడిగితే, నొప్పిగా ఉందంటున్నాడని ఆయన వకీలు చెప్పాడు. ఆ గదిలో తెలుగు అర్థమైనవాళ్లలో నేనొకణ్ణి. నన్నెవరూ అడగలేదు.

సర్వీసంతా తప్పు నాది కాదు అనే మాట వింటూ గడిపినవాణ్ణి. లారీలవాళ్లు అన్నారు, నడిచేవాళ్లు అన్నారు, చనిపోయినవాళ్ల తరఫున బతికున్నవాళ్లు అన్నారు. ముగ్గురు మనుషులు తప్పు నాదంటే నాదని పోటీపడిన కేసు ఇదొక్కటే. అందులో ఒకరు ఆ చోట లేనేలేరు. చట్టానికి తప్పు మోసే మనిషి ఒక్కడు దొరికితే చాలు కాబట్టి, డ్రైవరు తప్పు మొత్తం తన నెత్తిన వేసుకుని దాని పని తేలిక చేశాడు. తీర్పు రైతు వైపు వచ్చింది, కోత లేకుండా. పైకోర్టుకు పోదామా అని మేనేజరు అడిగితే, మా వకీలు వద్దన్నాడు. ఎందుకని కారణం రాయమంటే, కారణం రాయలేనని చెప్పాడు. ఆయన అంత సూటిగా మాట్లాడటం అదే మొదటిసారి.

డ్రైవరు ఆ తర్వాత స్టీరింగు పట్టుకోలేదు. ఏ. పళ్లిపట్టిలోనే పండ్ల కొట్టు పెట్టుకున్నాడని విన్నాను. రైతు చక్రాల బండి ఒకటి చేయించుకుని తోటలో తిరుగుతున్నాడు.

తీర్పు వచ్చిన కొన్నాళ్లకు నేను ఇండూరు పోయాను. ఎవరూ పంపలేదు. అందరికీ తీర్పు అందింది, ఆమెకు మాత్రం ఎవరు చెబుతారనిపించింది. ఆమె భర్త చేనికి పోయి ఉన్నాడు. గుమ్మంలో నిలబడే చెప్పాను. కోర్టువారు అన్నీ విన్నారని, తప్పు డ్రైవరుదేనని రాశారని, సైకిల్ తొక్కిన ఆయనది గానీ, ఇంకెవరిది గానీ ఏమీ లేదని చెప్పాను. ఇంకెవరిది గానీ అనే మాట తీర్పులో లేదు. నేనే కలిపాను.

ఆమె ముందు ఆ డ్రైవరు ఎట్లున్నాడని అడిగింది. బాగానే ఉన్నాడన్నాను. కాలు పోయినాయన తిరుగుతున్నాడా అని అడిగింది. తిరుగుతున్నాడన్నాను.

"కోర్టులో అట్ల చెప్పిరా," అంది. తర్వాత మజ్జిగ తాగుతావా అని అడిగింది, వంటింట్లో కుండ ఎక్కడుందో చెప్పింది. నేను తెచ్చుకుని తాగాను. చెంబు కడిగి పెట్టి, వస్తానమ్మా అన్నాను.

"సరే సామీ," అంది ఆమె, కళ్లు మూసుకోకుండా. "అయితే ఇంక నేను పోను లే."

ఎక్కడికని నేను అడగలేదు.